ఎర్ర దారానికి ఎన్ని ముళ్ళు

“ఎన్ని ముళ్ళేసినవే?”

“నాలుగు.”

“మూడంటి గద.”

“నాలుగే అన్నవ్. నా చెవులేం పోలే.”

“మన లగ్గానికే మూడేసిన, ఇత్తడి ముక్కకు నాలుగెందుకే? సరె తియ్, నేనొచ్చి చూస్త.”

నేనూ మా ఆయనా ఆఖరిసారి మాట్లాడుకున్న మాటలు ఇవే. మా వాడకట్టులో ఏ ఆడమనిషిని అడిగినా, మొగుడు పోయేముందు చెయ్యి పట్టుకున్నాడనీ, పిల్లలు పైలం అన్నాడనీ కండ్లు తుడుచుకుంటూ చెబుతుంది. నాకు చెప్పుకోవడానికి ఒక బుష్షు ఉంది. ఆయన ఇంటినుంచి స్కూటర్ తీసుకొని జడ్చర్ల స్టేషన్ దిక్కు ఇత్తడి కడ్డీ తేవడానికి పోయాడు. కడ్డీలమ్మే కొట్టులో స్టూలు మీద కూర్చొని మంచినీళ్ళు అడిగాడట. నీళ్ళు తెచ్చేసరికి తాగే మనిషి లేడు. గుండె ఆగిందన్నారు. వచ్చి చూస్తానన్న మనిషి రాలేదు. మూడా నాలుగా అన్నది తేలలేదు.

బుష్షంటే తెలియనివాళ్ళు ఉంటారు. నీళ్ళ పంపులో ఇరుసు తిరుగుతుంది కదా, ఆ ఇరుసు ఇనుముకు రాసుకోకుండా దాని చుట్టూ గాజులాంటి ఇత్తడి ముక్క ఒకటి ఉంటుంది. ఇరుసు అరగకుండా అది అరుగుతుంది. ఇంట్లో ఆడదాని పనే అనుకోండి. బాగా అరిగిపోయినాక దాన్ని ఇనుమూ ఇత్తడీ చెక్కే మా లేత్ షాపుకు తెచ్చి, ‘ఇట్లాంటిదే ఇంకోటి చెయ్యి’ అంటారు. అట్లాంటిదే చేస్తే మునిగినట్టే. తెచ్చింది అరిగినది. దాన్ని చూసి చేస్తే కొత్తది పుట్టుకతోనే అరిగి పుడుతుంది.

మా ఆయన ఆ ముక్కలో బొటనవేలు పెట్టి తిప్పేవాడు. అంతటితో ఆగకుండా పంపు దగ్గరికే పోయి, అది కూర్చునే ఇరుసును పట్టి ఊపి చూసేవాడు. “రెండెంట్రుకలు” అనేవాడు. అంటే లోపలి దిక్కు రెండు వెంట్రుకల మందం ఎక్కువ ఉంచి చెయ్యాలని. ఆయన చదువు నాలుగో తరగతి, నా చదువు సంతకం. సుద్దముక్కతో గీస్తే నూనె చేతులకు చెరిగిపోయేది. మా పుట్టిల్లు కొల్లాపూర్ దిక్కు మగ్గం ఇల్లు. అక్కడినుంచి తెచ్చుకున్న రంగుదారాల కండెలు నా దగ్గర ఉండేవి. రైతుల బోరు పనికి పచ్చ దారం, మందుల కంపెనీ పనికి ఎర్ర దారం, ఎన్ని వెంట్రుకలు కలపాలో అన్ని ముళ్ళు. ఆయన చెప్పేవాడు, నేను కట్టేదాన్ని, మా షాపులో పనిచేసే పెద్ద మేస్త్రి ముళ్ళు చూసి మిషన్ మీద చేసేవాడు. తెలంగాణ వచ్చినాక కరెంటు ఆగకుండా రావడం మొదలైంది. కరెంటు ఆగకపోతే బోర్లు ఆగలేదు, బోర్లు ఆగకపోతే అరుగుడు ఆగలేదు. మాకు రెండో మిషన్ వచ్చింది.

ఆయన దినాలైన మర్నాడే నేను షాపుకు పోయాను. చేతులకున్న గాజులు తీసేశారు కానీ ఇత్తడి గాజులు ఎవరూ తీసేయలేదు. ఆ ఎర్ర దారం ముక్క మిషన్ పక్కనే ఉంది.

“మేస్త్రీ, అది కంపెనీది. నాలుగు ముళ్ళు, చూసుకో.”

“నాకెందుకు చెప్తవ్ వదినె, నాకు కండ్లు లేవా?” అన్నాడు తల ఎత్తకుండా.

చేశాడు. కంపెనీవాళ్ళు తీసుకుపోయారు. ముక్క వాపసు రాలేదు. రాలేదంటే నాలుగే సరి. పోయిన మనిషితో కొట్లాటలో గెలిచాను. గెలిచి ఎవరికి చెప్పాలో తెలియలేదు.

మా మరిది మాత్రం చెప్పడానికి వచ్చాడు. “వదినె, మిషన్లు అమ్మి జాగా కిరాయికియ్యి. కుర్చేసుకొని కూసో. ఆడిమనిషికి గీ ఇనుముతోని ఏం పని?”

“ఇరవయ్యేండ్లు ఇనుముతోని కాపురం చేసిన. ఇప్పుడు కుర్చీతోని చెయ్యమంటవా?”

ఆ తర్వాత ఆయన మా ఇంట్లో చాయ కూడా తాగలేదు. షాపు నిలబెట్టాలని నా పంతం. అది నిలవాలంటే మందుల కంపెనీ పని నిలవాలి. మా పనిలో ముప్పాతిక అదే. ఆ సంగతి నాకూ తెలుసు, కంపెనీకీ తెలుసు.

కంపెనీనుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతులు వెనక్కి. గోడకు వేలాడుతున్న ముక్కల్ని, దారాల్ని చూశాడు.

“ఇవేంటమ్మా, మొక్కుబడి దారాలా?”

“కాదు సార్, కొలతలు.”

ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. “ప్రతి ముక్కకూ రికార్డుండాలి. ఎప్పుడొచ్చింది, కొలతెంత, ఎవరు చేశారు, అన్నీ కంప్యూటర్లో ఉండాలి. వచ్చేసారి నేనొచ్చేటప్పటికి లేకపోతే ఈ పని హైదరాబాదుకు వెళ్ళిపోతుంది.”

అప్పుడు మా చెల్లె బిడ్డను పిలిపించాను. పాలిటెక్నిక్ చదివి ఇంట్లో ఉన్నది. నేను చెబుతుంటే ఇప్పుడు ఇది రాస్తున్నదీ తనే. తన ముందే తన సంగతి చెబుతున్నాను, కాబట్టి కొంచెం మంచిగానే చెప్పాలి. వచ్చిన వారంలోనే షాపులో కంప్యూటర్ పెట్టింది, గోడకు తెర పెట్టింది. ప్రతి ముక్కకూ ఫోనులో ఫోటో, ముక్క మీద నల్లచుక్కల చీటీ. చీటీకి ఫోను చూపిస్తే దాని జాతకమంతా తెర మీద పడుతుంది.

“పెద్దమ్మా, ఇగ ఏదీ మనిషి తలకాయల ఉండొద్దు. మనిషి పోతె అన్నీ పోతయ్” అన్నది.

నిజమే, ఒక మనిషి పోయి చూపించాడు.

ఆఫీసరు వచ్చే ముందురోజు ముక్కలన్నీ కిరసనాయిలుతో కడిగాం. దారాలన్నీ నేనే కత్తెర పట్టుకొని కత్తిరించాను. గోడ శుభ్రమైంది. పెద్ద మేస్త్రి చాయ తాగుతూ చూశాడు. “మంచిగ చేస్తున్నవ్ వదినె. గుట్ట మీది గుడికి పోయి అందరికి గుండు కొట్టిచ్చినట్టున్నది.”

ఆఫీసరు మురిసిపోయాడు. తెర ముందు నన్ను నిలబెట్టి ఫోటో కూడా తీసుకున్నాడు. వెంటనే ఒక సంచెడు పాత బుష్షులు పంపాడు, అన్నిటికీ కొత్తవి కావాలని. మా పిల్ల ఒక్కొక్కదాన్ని కొత్తగా కొన్న అంకెలు చూపే కొలత పరికరంతో కొలిచింది. చుక్క తర్వాత రెండంకెలు. ఆ అంకెలు తెరమీద పడ్డాయి. మేస్త్రి తెర చూసి చేశాడు. ఇంత సాఫీగా మా షాపులో పని ఎప్పుడూ నడవలేదు. కొట్లాట లేదు, అరుపు లేదు. నాకే కొంచెం ఎబ్బెట్టుగా ఉండింది.

రెండు వారాలకు సంచి వాపసు వచ్చింది. ‘కొత్తవే, కానీ పాతవాటిలాగే వదులుగా ఉన్నాయి’ అని చీటీ పెట్టారు. పది రోజుల్లో సరిచేసి ఇవ్వాలి, లేకపోతే ఇక అంతే.

సంచి తీసుకుపోయి మేస్త్రి ముందు గుమ్మరించాను.

“అరిగినదాన్ని కొలిచి అట్లనే చేస్తె వదులైతదని నీకు తెల్వదా?”

“ఎందుకు తెల్వదు?”

“మరి చెప్పద్దా?”

“నన్నెవలు అడిగిన్రు వదినె? తెరమీద పడ్డది చెయ్యమన్నరు, చేసిన. చుక్క తర్వాత రెండంకెలు గూడ తప్పలే.”

మా పిల్ల కుర్చీలోనే కూర్చొని ఏడ్చింది. ఇది రాయనంటున్నది, రాయమన్నాను. తన తప్పు ఎంత? కంప్యూటర్ తప్పు అసలే లేదు. అరుగుడును కూడా వెంట్రుకవాసి తేడా లేకుండా దాచిపెట్టింది పాపం. దాచవలసినవాటిని కత్తిరించి చెత్తబుట్టలో వేసింది నేను. మనిషి తలకాయలో ఏదీ ఉండొద్దని, ఆయన తలకాయలోంచి బయటికి వచ్చిన ఆ కాస్తనూ ఊడ్చి పారేశాను.

“బిడ్డా, ఏడుపాపి గా తెర మీద నాకొక ఖానా పెట్టు.”

“ఏం ఖానా? గడిల ఏం రాయాలె?”

“ముడి.”

“ముడి అని రాస్తె సార్లు నవ్వుతరు పెద్దమ్మా.”

“నవ్వనీ. వాపసొస్తె మనమే కదా ఏడ్సేది. ఇంకోటి పెట్టు. ఇది యాడ పోయి కూసుంటది? మీ పెద్దబాపు ముక్క చూసి చెప్పలే, కూసునే జాగా చూసి చెప్పిండు.”

మూడో ఖానా పిల్ల తనంతట తానే పెట్టింది: ముళ్ళు ఎన్నని ఎవరు చెప్పారు? అది నింపకపోతే తెర ముందుకు జరగదు. మర్నాటినుంచి తనూ మేస్త్రీ కలిసి కంపెనీకి పోయారు. పని జరగని వేళ చూసి ఒక్కో పంపు విప్పించారు. మేస్త్రి ఇరుసును ఊపి చెబుతాడు, పిల్ల ఆ ఇరుసునే కొలిచి ఫోనులో కొడుతుంది. మేస్త్రి వెంట్రుకలు, పిల్ల అంకెలు చాలాసార్లు కలిశాయి. కలవనప్పుడు ఇద్దరూ దారిపొడుగునా కొట్లాడుకుంటూ వచ్చేవాళ్ళు. షాపులో మళ్ళీ అరుపులు వినబడి నాకు ప్రాణం కుదుటపడింది. ఎవరు చెప్పారన్న ఖానాలో తన పేరు పడుతుందని తెలిసినాక మేస్త్రికి కంప్యూటర్ మీద కోపం పోయింది. పొద్దున్నే వచ్చి మిషన్ కంటే ముందు తెర తుడిచేవాడు.

పది రోజుల్లోపే సంచి పోయింది, ఈసారి వాపసు రాలేదు. ఆఫీసరు వచ్చి ముడి ఏమిటని అడిగితే మా పిల్ల ఇంగ్లీషులో ఏదో చెప్పింది. ఆయన తలూపాడు. తర్వాత ఆ ఖానాను వేరే షాపులవాళ్ళకు తను కనిపెట్టినట్టు నేర్పుతున్నాడని విన్నాను. నేర్పనీ.

అట్లా రెండేళ్ళు గడిచాయి. ఒకరోజు ఆ ఆఫీసరే ఫోను చేశాడు. “అమ్మా, మా రెండో పంపులో ఒక పాత బుష్షుంది. మిగతావి మూడుసార్లు మారాయి, అది మారలేదు. అన్ని పంపులకూ అలాగే చేసి ఇవ్వండి. దాని రికార్డు ఈ వారంలో పంపితే ఏడాది పని మొత్తం మీదే. లేకపోతే హైదరాబాదువాళ్ళు కాచుకుని ఉన్నారు.”

పంపు నడుస్తున్నది, ఆపి తీసి చూపించరు. దానికి రికార్డు లేదు. కంప్యూటర్ రాకముందు చేసిన ముక్క అది. మా ఆయన పోయిన రోజు మేమిద్దరం కొట్లాడిన ముక్క. దారం కట్టిన దాని పాత నమూనా దొరికినా చాలు. కానీ దారాలన్నీ నేనే కత్తిరించాను, ఏది ఏదో ఎట్లా తెలుస్తుంది?

పెద్ద మేస్త్రి తన పనిముట్ల డబ్బా తెరిచి గుడ్డ మూట తీశాడు. అందులో ఆ అరిగిన ఇత్తడి ముక్క, దానికి నా ఎర్ర దారం.

“ఆయన ముట్టిన ఆఖరి ముక్క. నువ్వు అందరికి గుండు కొట్టేటప్పుడు దీన్ని దాచిన” అన్నాడు.

నేను లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నా చేతి ముళ్ళు, నూనె పట్టి నల్లగా అయినా గట్టిగానే ఉన్నాయి.

“చూసినవా బిడ్డా, నాలుగు. కొట్టు.”

“ఆగు బిడ్డా” అన్నాడు మేస్త్రి. “నాలుగు కాదు. మూడు.”

“కండ్ల ముందర నాలుగున్నయి గద!”

“ఉన్నయి. గా పొద్దు ఆయన స్టేషనుకు పోతా షాపు ముందర బండాపిండు. దిగలే. ‘మా ఆమె నాలుగేసింది, చెప్తె ఇంటలేదు. నువ్వు మూడే చెయ్. ఆమెకు చెప్పకు, పొద్దుగూకేదాక ఒర్రుతది’ అన్నడు. నవ్వుకుంట పోయిండు.”

“మరి ఇన్నేండ్లాయె, నాకెందుకు చెప్పలే?”

“చెప్పకన్నడు గద వదినె.”

నేను స్టూలు మీద కూర్చున్నాను. “నాలుగే చేసి ఉంటె ఏమైతుండె?”

“ఇరుసు పట్టేసి పంపు కాలుతుండె. కంపెనీ గప్పుడే పోతుండె.”

అదీ సంగతి. నేను పంతం పట్టి నిలబెట్టిన షాపు నా మాట వినకపోవడం వల్ల నిలబడింది. ఇన్నేళ్ళు నేను గెలిచాననుకున్న కొట్లాటను ఆయన బండి దిగకుండానే గెలిచి పోయాడు. ఆయన ఆఖరుగా నా గురించి చెప్పిన మాట ఏమిటంటే, ఒర్రుతుందని, అంటే అరుస్తూనే ఉంటుందని. అబద్ధమని ఎవరి ముందు వాదించాలి? వాదిస్తే అదే ఒర్రుడు.

“మూడు కొట్టు బిడ్డా” అన్నాను.

కొట్టింది. ఎవరు చెప్పారన్న ఖానా దగ్గర తెర ఆగింది.

“ఎవల పేరు పెట్టాలె పెద్దమ్మా?”

“ఎవలు చెప్పిన్రో వాళ్ళదే.”

ఆయన పేరు పెట్టింది. ఫోను నంబరు కూడా అడిగింది ఆ ఖానా. ఆయన నంబరుకు నేను ఇప్పటికీ రీచార్జి చేయిస్తూనే ఉన్నాను, అదే ఇచ్చాను. రికార్డు పోయింది, ఏడాది పని వచ్చింది. ఆ కొలతతో చేసిన ముక్కలన్నీ పంపుల్లో తిరుగుతున్నాయి. ఇప్పుడు మా షెడ్డులో నాలుగు మిషన్లు ఉన్నాయి. ఒకటి కంప్యూటర్ చెప్పినట్టు తనంతట తనే కోస్తుంది, మా ఇంట్లో చెప్పినట్టు వినేది అదొక్కటే. మా మరిది మళ్ళీ చాయ తాగడానికి వస్తున్నాడు.

అప్పుడప్పుడు కంపెనీలో కొత్తగా చేరిన ఎవరో ఆ రికార్డు చూసి ఆ నంబరుకు ఫోను చేస్తారు. “సార్ ఉన్నారా అండీ? ఈ కొలత గురించి అడగాలి.”

“బయటికి పోయిండు సార్” అంటాను. “వచ్చి చూస్తనన్నడు. మీదేందో చెప్పున్రి, నేను చూస్త.”

రాసినవా బిడ్డా? మేస్త్రి మూడని చెప్పినకాడ నాకోసం నాలుగని మార్చలే కద? మొదటికెల్లి చదువు, ఇంట. ఆయన మాట్లాడేకాడ జర మెల్లగ చదువు.