అంగడి వదిన కోకో డబ్బా

మా ఎదురింటి అంగడి వదిన ఇక లేదు. పోయిన నెలలో ఒక సాయంత్రం ఆయాసంగా ఉందని ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆటో ఎక్కుతూ నా మనవరాలితో, "రేపొస్తా. గ్లాసు కడుక్కోని రడీగుండు" అంది. మర్నాడు బడి నుంచి వచ్చి, గ్లాసు కడిగి పట్టుకుని గుమ్మంలో నిలబడిన ఏడేళ్ల పిల్లకు, ఆమె ఇక రాదని చెప్పవలసి వచ్చింది నాకే.

బనగానపల్లెలో వాళ్లది చిల్లర సరుకుల అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు. వీధికంతా ఆమె అంగడి వదినే. ఇరవై ఆరేళ్లు ఎదురెదురుగా బతికాం. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. నా వంటింట్లో ప్రతి డబ్బాకూ పేరు, పోసిన తేదీ అంటించి ఉంటాయి. ఆమె డబ్బాలకు ఏ రాతా ఉండదు. మూత తీసి, వాసన చూసి, కావలసింది తీసుకునేది.

"పేర్లు రాసుకుంటే నీ సొమ్మేం పోతుంది వదినా?" అని ఒకసారి అడిగాను.

"రాస్తే సదవల్ల గదా టీచరమ్మా. వాసనకైతే అద్దాలు యెతుక్కునే పని లేదు."

మనవరాలు చదువు కోసం రెండేళ్లుగా నా దగ్గరే ఉంది. పాలంటే దానికి పడదు. ఒక ముసురు రోజున ఎదురింటికి పోయి, పైపెదవి మీద గోధుమరంగు మీసంతో తిరిగొచ్చింది. ఏం తాగిందో కనుక్కుందామని నేను వెళ్లాను.

"కోకో. అంగట్లో ప్యాకెట్టు ఒకటి చినిగి ఉండె. చక్కెర, పాలు, రవ్వంత ఉప్పు. పొయ్యి మీద పెట్టి దించేంత పనే."

"కోకో వేడి చేస్తుంది. ఎన్ని చెంచాలు వేశావు?"

"చెంచా యాడిది? చేత్తోనే ఏసినా."

నేను ఇంటికి పోయి ఒక చిన్న చెంచా తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. రోజుకు ఒక్క చెంచా కోకో, అదీ అంచుకు సమంగా గీసి, అంతకు మించకూడదన్నాను. "ఇంకేం, పిల్లకు పాలు తాపి, కోకో సూపించల్ల" అని నవ్వింది. చెంచా మాత్రం తీసుకుంది.

అప్పటి నుంచి రోజూ బడి వదిలాక ఆ ఇంట్లోనే. పొడిని ముందు కాసిని చల్లటి పాలతో ముద్దలా కలిపేది. "యేడి పాలల్లో ఏస్తే గడ్డలు గడ్తాది" అనేది. తర్వాత మిగతా పాలు పోసి, కలుపుతూ రెండు పొంగులు రానిచ్చేది. దించి, రెండు గ్లాసుల మధ్య భుజమెత్తు నుంచి తిరగబోసేది.

"ఇంకా పైనించి అంగడవ్వా!"

"ఇంకా పైకంటే మిద్దెక్కల్లనే కోతీ!"

ఒకరోజు నేను వెళ్లేసరికి ఆమె రెండో చెంచా వేస్తూ కనబడింది. అంగట్లో మనుషులున్నారు. అయినా ఆగలేదు నేను. "ఒకటని చెప్తే రెండు వేస్తున్నావు. పిల్ల విషయంలో కూడా మాట మీద నిలబడవా?" అన్నాను.

ఆమె ముఖం చిన్నబోయింది. "నీ మాట దాటలేదు టీచరమ్మా" అంది, అంతే. నేను నాలుగు రోజులు పిల్లను పంపలేదు. అయిదోరోజు ఆమే గ్లాసు మీద మూత పెట్టుకుని, రోడ్డు దాటి వచ్చింది. "మనిద్దరి మద్దెన పిల్ల ఎండాల్నా?" అంది. గ్లాసు తీసుకున్నాను. క్షమించమని అనలేదు. తప్పు ఆమెదేనని అప్పటికీ నా నమ్మకం.

ఆమె పోయాక మనవరాలు మళ్లీ పాలు ముట్టలేదు. వారం చూసి నేనే చేశాను. ఒక చెంచా కోకో, రెండు చెంచాల చక్కెర, చిటికెడు ఉప్పు, గ్లాసెడు పాలు. ఒక గుక్క తాగింది.

"పల్చగా ఉండాది జేజీ. ఇది అంగడవ్వది కాదు."

మర్నాడు నా నియమం పక్కన పెట్టి రెండు చెంచాలు వేశాను. చేదని గ్లాసు నెట్టేసింది. "అంగడవ్వతో పాటు అది గూడా పాయెనా?" అని అడిగింది.

కర్మకాండలు అయ్యాక అంగడి మళ్లీ తెరిచారు. నేను వెళ్లి, పిల్లకు ఆమె కోకో ఎలా చేసేదని ఆమె భర్తను అడిగాను. ఆయన లోపలి నుంచి ఒక పేరులేని డబ్బా తెచ్చాడు. మూత తీస్తే గోధుమరంగు పొడి. దాంట్లోనే నా చెంచా. ఆమె లాగే వాసన చూశాను. కోకో ఉంది. దాని వెనక వేయించిన రాగిపిండి ఉంది.

"ఒక చెంచాకు మించొద్దన్యారంట గదమ్మా మీరు. పల్చగుంటే పిల్ల మొగం మాడుస్తాదని, రాగిపిండి దోరగా వేయించి సగానికి సగం కలిపి పెట్టుకునేది" అన్నాడాయన.

సగానికి సగం. అంటే రెండు చెంచాల్లో కోకో సరిగ్గా ఒక చెంచా. ఏళ్ల తరబడి లెక్కలు చెప్పిన నేను, ఆ లెక్క ఎదురుగా జరుగుతుంటే ఆమెను నలుగురిలో మాటన్నాను.

"నాతో చెప్పి ఉండొచ్చు కదన్నా?"

"నేనూ అదే అంటి. ‘టీచరమ్మకు చెప్తే రాగిపిండిగ్గూడా కొలత పెడ్తాది, నువ్వూరుకో’ అనింది." ఆయన నవ్వబోయి, తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

డబ్బా నాకే ఇచ్చాడు. ఆ సాయంత్రం రెండు చెంచాలు వేసి, చల్లటి పాలతో కలిపి, రెండు పొంగులు రానిచ్చి, నా భుజం లేచినంత ఎత్తు నుంచి తిరగబోశాను. గట్టు మీద కొంత ఒలికింది. మనవరాలు చివరి గుక్క దాకా తాగింది. గ్లాసు అడుగున మిగిలిన మడ్డిని వేలితో గీసి నాకింది.

నిన్నటికి డబ్బా అడుగంటింది. నేను కోకో, వేయించిన రాగిపిండి సమంగా కలిపి, ఆమె చేతిది అడుగున అలాగే ఉంచి పైన పోశాను. అడుగున ఎన్ని చెంచాల పొడి మిగిలిందో కొలవలేదు. అలమరలో పేరూ తేదీ ఉన్న నా డబ్బాల వరసలో, ఏమీ అంటించని ఆ ఒక్క డబ్బా ఉంది. మనవరాలు బడి నుంచి వచ్చి, మూత తీసి, ముందు వాసన చూస్తుంది.