గాలానికి పడ్డ మిరపకాయ టిక్కీ

ముందే చెప్పేస్తున్నా, అంతా క్షేమం. మిరపకాయలు క్షేమం, మామగారు క్షేమం, నా కుడిచెయ్యి కూడా ఉన్న చోటే ఉంది. అందుకే ఇంత తీరిగ్గా టీ తాగుతూ చెప్పగలుగుతున్నా. మొన్న ఆదివారం సాయంత్రం అడిగుంటే నాకు నోట మాట వచ్చేది కాదు. ఇప్పుడు మీరెంత నవ్వుకున్నా పర్లేదు.

మా అత్తగారి ఊరు చిలకలూరిపేట దగ్గర, కాలవ గట్టు పక్కనే. మిరపకాయల సీజన్ కదా, ఊళ్ళో ఖాళీగా ఉన్న మనిషంటూ లేడు. కల్లంలో ఎండిన కాయలన్నీ టిక్కీలకి ఎత్తుతున్నారు. టిక్కీ అంటే కాయలు తొక్కి తొక్కి నింపిన పెద్ద గోనెబస్తా. మా బావమరిది శీను చేతి మిషన్ పట్టుకుని ఒక్కో బస్తా మూతి టకటకా కుట్టేస్తున్నాడు. మనిళ్ళకి వచ్చే బియ్యం బస్తాకి ఉంటుందే, అదే కుట్టు. సరైన కొస పట్టుకుని లాగితే జర్రున మొత్తం ఊడొస్తుంది. తప్పు కొస లాగితే ఇంకా బిగుసుకుంటుంది. నాకు ఎప్పుడూ తప్పు కొసే దొరుకుతుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ బస్తా విప్పడానికి కూర్చోవడం, కాసేపు పీకడం, చివరికి మా ఆవిడ సుజాతని కత్తి అడగడం, ఇదే నా చరిత్ర.

ఆ రోజు పొద్దుట్నుంచీ మబ్బు. సాయంత్రం వాన అని ఫోన్లు చెబుతున్నాయి. ఒక్క జల్లు పడిందా, కాయ నల్లబడిపోతుంది, ఏడాది కష్టం గంగపాలు. చీకటి పడేలోగా సరుకంతా కోల్డ్ స్టోరేజీకి చేర్చాలని మామగారు కాలు నిలవకుండా తిరుగుతున్నారు. నేనూ ఓ చెయ్యి వేద్దామని చొక్కా చేతులు మడిచా. అంతే, పెద్దాయన హడలిపోయారు!

"అయ్యయ్యో, అల్లుడుగారూ! మీరు బస్తాలు పట్టడమేంటండీ? చూసినవాళ్ళు మమ్మల్ని నాలుగు తిడతారు. మీరలా నీడన కూర్చోండి."

కూర్చున్నా. మజ్జిగ ఇచ్చారు. తాగా. మళ్ళీ ఇచ్చారు. మళ్ళీ తాగా. ఇంక అల్లుడనేవాడికి మిగిలిన పని ఫోన్ చూసుకోవడమే కదా. అందులో ఓ వీడియో తగిలింది. రీల్ లేని గాలపు కర్రకి దారం కట్టే పద్ధతి! ఎదురుగా కాలవ, చేతినిండా టైమ్. నేనూరుకుంటానా?

"శీనూ, మీ ఇంట్లో గాలం ఉందా?"

"ఇప్పుడా బావా!" అన్నాడు. అన్నాడే గానీ, అల్లుడు అడిగితే లేదనకూడదు కదా పాపం. మిషన్ పక్కన పెట్టి, పరుగెత్తుకెళ్ళి వెదురు కర్ర, ముల్లు, నైలాన్ దారం ఉండ తెచ్చిచ్చాడు. "గట్టి దారం బావా, ట్రాక్టర్‌కి కట్టి లాగినా తెగదు" అని కూడా అన్నాడు. ఆ మాట కాస్త గుర్తుపెట్టుకోండి.

వీడియోలో ఆయన బాగానే చెప్పాడు. దారం ఒక్క కొసకే కట్టొద్దు, కొస విరిగితే చేపా దారం రెండూ పోతాయి. కర్ర మధ్యలో ఓ ముడి వేసి, చుట్టుకుంటూ కొస దాకా తీసుకెళ్ళి అక్కడ ఇంకో ముడి వెయ్యాలి. అచ్చం అలాగే కట్టా. ఫోటో తీసి సుజాతకి పంపించా. కల్లంలో కాయలు ఏరుతున్న మనిషి, ఓ దండం బొమ్మ పంపించి ఊరుకుంది.

ఆయన ఇంకోటి కూడా చెప్పాడు. దారం కర్ర పొడుగుని మించకూడదు, రీల్ లేదు కాబట్టి మిగిలింది చుట్టుకునే దారి లేదు అని. ఇదెక్కడి పిసినారితనం అనిపించింది నాకు! పెద్ద చేపలన్నీ కాలవ మధ్యలో ఉంటాయి గానీ గట్టు పక్కకి వచ్చి నుంచుంటాయా? కర్రకి రెండింతల దారం వదిలా. పైగా చేప లాగితే కర్ర చేజారిపోతుందని, దాని మొదట్లో ఓ తాడు ఉచ్చు వేసి నా మణికట్టుకి తగిలించా. ఇది వీడియోలో లేదండోయ్, పూర్తిగా సొంత తెలివి.

గట్టెక్కి, ముల్లుకి వానపామును గుచ్చి, కర్రని వెనక్కి ఊపి, ఒక్కసారి ముందుకి విసిరా. రాలేదు. వెనకెక్కడో తుమ్మకొమ్మకి తగులుకుందనుకున్నా. చుట్టూ ట్రాక్టర్ చప్పుడు, దాని మీద చెవులు పగిలిపోయేలా పాటలు. అయినా వెనక్కి తిరిగి చూడొచ్చు కదా? ఊహూ, బలంగా లాగా! కొమ్మ నన్ను తిరిగి లాగింది. ఇంకాస్త లాగా. అది నన్ను వెనకడుగుల మీద పరుగెత్తించింది. ఏం కొమ్మరా బాబూ, ఇది నడుస్తోంది అనుకునేలోగా జర్రుమని చప్పుడు! దారం వదులైంది. నేను వెల్లకిలా బురదలో పడ్డా.

లేచి చూద్దును కదా, నా ముల్లుకి తెల్లటి నూలు దారం బారెడు వేలాడుతోంది. ముందు గట్టు మీది దారిలో కోల్డ్ స్టోరేజీకి మామగారి టిక్కీల ట్రాక్టర్ వెళ్తోంది. నా ముల్లుకి సరైన కొసే దొరికినట్టుంది, పైవరసలో ఓ టిక్కీ కుట్టంతా ఊడి నోరు తెరిచేసింది. అందులోంచి గట్టంతా ఎర్రగా కాయలే కాయలు!

"ఆపు! కోటయ్యా, ఆపు!" అని అరుస్తూ పరుగెత్తా. పాటల హోరులో డ్రైవర్ కోటయ్యకి ఏం వినబడుతుంది? కాయల ఘాటుకి తుమ్ములు మొదలయ్యాయి. అరుపుకో తుమ్ము. రాలిన కాయలు ఏరబోయిన చేత్తోనే కళ్ళు తుడుచుకున్నా, ఇంక చెప్పాలా! ఏడుస్తూ, తుమ్ముతూ, చేతికి వేలాడే కర్రని ఈడ్చుకుంటూ నేను. నా అదృష్టం కొద్దీ వెనకనుంచి బైకు మీద మామగారు, శీను వస్తున్నారు. ముందుకెళ్ళి ట్రాక్టర్ ఆపించారు.

"ఏరా కోటయ్యా! కుట్టు సరిగ్గా పడిందో లేదో చూసుకోవద్దూ? పైన ఉరుముతుంటే ఇదేం పనిరా?"

"నేనెక్కించినప్పుడు శుభ్రంగానే ఉందయ్యా, ఒట్టు!"

"అయితే ఆ మిషనే పనికిమాలింది!"

కోటయ్య మొహం చిన్నబోయింది. ఏ తప్పూ చెయ్యని మనిషి తిట్లు తింటున్నాడు. ముల్లుకున్న తెల్లదారం ఎత్తి చూపించా. "మామగారూ, కోటయ్యని అనకండి. అది నేనే."

మామగారు దారం చూశారు, కర్ర చూశారు, నా బురద ప్యాంటు చూశారు. ఆయన మొహం ఎర్రబడింది. నోరు తెరిచారు, మూశారు. అల్లుణ్ణి తిట్టే అలవాటు ఆ ఇంట్లో లేదు కదా! చివరికి ఎంతో కష్టపడి, "చేతికేం తగల్లేదు కదా, అల్లుడుగారూ?" అన్నారు. వెంటనే శీను వైపు తిరిగారు. "ఈ దిక్కుమాలిన కర్ర ఆయనకిచ్చిన వెధవ ఎవడ్రా?"

శీను మాత్రం నా మణికట్టు మీద ఉచ్చు చూసి తెల్లబోయాడు. "కుట్టు ఊడబట్టి సరిపోయింది బావా. లేకపోతే నువ్వు ఊడేవాడివి" అన్నాడు. అప్పటిగ్గానీ ఆ ఉచ్చు చేతినుంచి తీసెయ్యాలని తోచలేదు నాకు.

ఇంక అల్లుడూ లేదు, మర్యాదా లేదు. అందరం పట్టా పరిచి గబగబా కాయలు ఎత్తాం. కాలవలో పడినవి గుప్పెడంతే. మరి బస్తా మూతి కుట్టడం ఎలా? మిషన్ కల్లంలోనే ఉండిపోయింది. ట్రాక్టర్ టూల్‌బాక్సులో దబ్బనం దొరికింది, దారం లేదు. నా కర్ర మీది నైలాన్ దారం విప్పి ఇచ్చా. మామగారు దాంతోనే కుట్టి పడేశారు. ట్రాక్టర్, దాని వెంటే మేమూ కోల్డ్ స్టోరేజీ షెడ్డులోకి దూరాక, అప్పుడు మొదలైంది వాన. ఆ చప్పుడు వింటూ నేనూ మామగారూ ఒకేసారి ఊపిరి వదిలాం. కోటయ్య ఫకాలున నవ్వాడు. ఆ నవ్వు విన్నాక గానీ నా మనసు కుదుటపడలేదు.

మర్నాడు మేం బయల్దేరుతుంటే మామగారు ఆ వెదురు కర్రని దగ్గరుండి మా కారు మీద కట్టించారు. "మీరు ముచ్చటపడ్డారు కదండీ, ఉంచుకోండి" అన్నారు. ఊళ్ళో దాన్ని ఉంచే ధైర్యం లేదని నాకు తెలుసులెండి.

నిన్న ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. కొత్త బస్తా తెచ్చా. కొస పట్టుకుని లాగా. బిగుసుకుపోయింది. ఇంకో కొస లాగా. ఇంకా బిగుసుకుంది. "సుజాతా, కత్తి!" అని కేకేశా.

సుజాత బాల్కనీలోకి వెళ్ళి గాలపు కర్ర తెచ్చి నా చేతిలో పెట్టింది.