అత్త పంచని ఆట

మా అత్త పోయిందని నాన్న ఫోన్ చేసినప్పుడు నేను ఐదో తరగతిలో పాఠం చెబుతున్నాను. "అత్త నేదమ్మా. బేగి రా," అన్నాడు. అలాంటప్పుడు ఎవరికైనా ముందు ఏడుపు వస్తుంది. నాకు ముందు కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా దిగలేదు. దిగేదాకా ఆగి రాద్దామంటే ఈ జన్మకి రాయలేను. అందుకే కోపంతోనే రాస్తున్నాను, క్షమించండి.

అత్త అంటే నాన్న చెల్లెలు. అరకులోయ బజారులో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు నడిపేది. సంతరోజున కొండల మీంచి అల్లం, పిప్పళ్ళు దించినవాళ్ళు పగిలిన ఫోన్లు తెచ్చి ఆమె ముందు పెట్టేవారు. ఊడదీసిన స్క్రూలు అడ్డాకు డొప్పలో వేసుకునేది. ప్లాస్టిక్ డబ్బీ కొనుక్కోవే అంటే, డొప్పలోంచి చప్పుడు కాకుండా తీసుకోవచ్చు అనేది. ఎవరి ఫోనైనా సరే, స్క్రూడ్రైవర్ పెట్టేముందు తలెత్తి "ఇప్పనా?" అని అడిగేది. బాగుచెయ్యమని తెచ్చిందే వాళ్ళు కదా! "ఇప్పకుండా ఎలాగ సేత్తావే?" అని నవ్వేవారు. "నీది గదా, నిన్నడగాల గదా," అనేది. "అడిగి తింటేనే అరుగుతాది" అన్నది ఆమె రోజూ అనే మాట. చిన్నప్పుడు ఆ మాట విని ముచ్చటపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే పళ్ళు పటపటలాడతాయి.

కొన్నేళ్ళ కిందట ఒక పెద్ద కంపెనీ మా ఆశ్రమ పాఠశాలకి వీడియో గేమ్ పెట్టెలు దానం చేసింది. టీవీకి తగిలించి ఆడుకునేవి. బ్యానర్ కట్టారు, పిల్లల చేత చప్పట్లు కొట్టించారు, ఫొటోలు దిగి ఘాట్ దిగిపోయారు. ఆ పెట్టెల తయారీ అప్పటికే ఆపేశారని, వాటికి ఇక కొత్త ఆటలు రావని మాకు తర్వాత తెలిసింది. వాళ్ళకి గోడౌన్ ఖాళీ అయింది, పైగా పుణ్యం. మాకు దక్కింది ఒకే ఒక్క కార్ల పందెం. బస్సులో ఘాట్ రోడ్డు ఎక్కితే వాంతులు చేసుకునే పిల్లలకి కార్ల పందెం!

అత్త ఒకసారి బడికి వచ్చి, మూల పడేసి ఉన్న పెట్టెలు చూసింది. "ఒకటి అట్టుకుపోనా?" అని హెడ్‌మాస్టర్‌ని అడిగి పట్టుకెళ్ళింది. పదో తరగతితో చదువాపిన మనిషి నెట్‌లో వెతికి వెతికి ఆ పెట్టెకి ఆట ఎలా రాయాలో నేర్చుకుంది. రెండేళ్ళు పట్టింది.

ఆట పెద్దదేం కాదు. ఒక గుంట, అంటే ఆడపిల్ల, బుట్ట నెత్తిన పెట్టుకుని కొండ దిగి సంతకి వెళ్ళాలి. గెడ్డలో నీళ్ళు దాటాలి, మేకల్ని తప్పించుకోవాలి, మామిడిచెట్టు కిందనుంచి పోవాలి. మా కొండల్లో మామిడి కొత్త పండగ చేసి, తొలికాయ దేవతకి పెట్టి అడిగాకే ఎవరైనా కాయ కొయ్యాలి. ఆటలో ఆ గుంట తొందరపడి కోసిందా, కాయ ఎగిరి మళ్ళీ కొమ్మకి అతుక్కుంటుంది. చెట్టు వెనకనుంచి ఒక ముసలమ్మ మా కువి భాషలో కసురుతుంది, తెలుగులో అయితే "ఎవుల్నడిగి కోసేవే?" అని.

ఆ గొంతు మా నాయనమ్మది. అత్త ఫోన్‌లో రికార్డు చేసింది. మరుసటేడు నాయనమ్మ పోయింది. మా బడిలో ఎవరైనా కువి మాట్లాడితే తక్కిన పిల్లలు నవ్వుతారు. ఆ నవ్వేదీ కువి పిల్లలే. వాళ్ళు టీవీలోంచి తమ భాష వినాలని, ఒక్కసారైనా సిగ్గు మానాలని నా ఆశ. అత్త ఆశ కూడా అదే. పెట్టెకొక్కటి చొప్పున మెమరీ కార్డుల్లోకి ఆట ఎక్కించి, పసుపుగుడ్డలో మూటకట్టింది.

అక్కడ ఆగిపోయింది. కంపెనీ గుర్తు కనబడితే గాని ఆ పెట్టె ఏ ఆటనీ తెరవదు. ఆ గుర్తు వాడాలంటే లైసెన్సు కావాలి. నెట్‌లో అందరూ లైసెన్సు లేకుండానే ఆ గుర్తు పెట్టేసి పంచుకుంటున్నారు. అత్త కూడా పెట్టింది. కానీ పెట్టాక అడగకుండా ఉండలేకపోయింది.

మూడు ఉత్తరాలు రాసింది. ఇంగ్లీషు నేనే దిద్దాను. మూడోదానికి జవాబొచ్చింది. ఆ పెట్టెకి లైసెన్సులిచ్చే విభాగం మూసేశామట. లైసెన్సు లేకుండా ఆటలు పంచితే మాత్రం చట్టప్రకారం చర్య తీసుకుంటారట. చూశారా న్యాయం! ఇచ్చేవాడు లేడు, కొట్టేవాడు మాత్రం ఉన్నాడు. చచ్చిన పెట్టెలు మా నెత్తిన పడేసేటప్పుడు మీకివి కావాలా అని మమ్మల్ని ఎవడూ అడగలేదే!

"పంచెయ్యి అత్తా, ఎవడొస్తాడు ఈ కొండకి?" అన్నాను.

"ఆల్ల గుర్తు వాడేను గదే."

"వాళ్ళే ఆ పెట్టెని వదిలేశారు!"

"వొదిలేసిన సెట్టుకైనా మనిషుంటాడు. ఇంకో ఉత్తరం రాద్దాం."

"నువ్వొక్కదానివే ధర్మరాజువా? పిల్లలు పెద్దాళ్ళయి పోతున్నారు. నువ్వు ఉత్తరాలు రాసుకుంటూ కూచో!"

ఆ మాట అనేసి వచ్చేశాను. నాలుగు నెలలు కొట్టు ముఖం చూడలేదు. కామెర్లు వచ్చాయని తెలిసి వెళ్ళేసరికి మంచం మీద పసుపు ముద్దలా ఉంది. పసుపుగుడ్డ మూట నా చేతిలో పెట్టి, "కొత్త అయ్యేకే పంచు," అంది. నాతో అన్న ఆఖరి మాట అదే. కొత్త అంటే అనుమతి అనే అర్థంలో అందని, అప్పటికీ కంపెనీవాడి ఉత్తరం కోసమే చూస్తోందనుకుని, ఆ మనిషిని పట్టుకుని ఏడవాల్సినచోట నేను విసుక్కున్నాను. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

దినం అయ్యాక మూట నాన్న ముందు పెట్టి సంగతంతా చెప్పాను. మా ఊళ్ళో కొత్త పండగ జరిపించేది ఆయనే. 

"కొత్తకి మనం ఎవుల్నడుగుతాం? కొండదేవతని, సెట్టు నాటినోల్లని. కంచె కట్టినోడిని అడుగుతామేటి?" అన్నాడు. "పిచ్చిది. అడగడం తప్పు గాదు. తప్పు గుమ్మం కాడ నిలబడిపోనాది." అంటూనే కండువాలో ముఖం దాచుకున్నాడు.

ఈ ఏడు మామిడి కొత్తనాడు తొలికాయల పక్కన ఆ మూట కూడా పెట్టాడు. దేవతని అడిగాడు. గొంతిచ్చిన తన తల్లిని, ఆట కట్టిన తన చెల్లెల్ని పేరుపేరునా పిలిచి అడిగాడు. మర్నాడు కార్డులన్నీ బడిలో పంచేశాను. నోటీసు పంపదలిచినవాళ్ళు పంపుకోవచ్చు, బడి చిరునామాకే. సంతకం పెట్టి తీసుకుంటాను.

పిల్లలు ఇప్పుడు రోజూ ఆడుతున్నారు. నాయనమ్మ కసురుడు వాళ్ళకి నోటికొచ్చేసింది. మైదానంలో ఒకరినొకరు కువిలోనే కసురుకుంటున్నారు. కానీ అదివరకు నాకు తెలియని సంగతి ఒకటి ఆ కార్డులో ఉంది. నాయనమ్మ కసిరిన వెంటనే, రికార్డు ఆగేలోపు, వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వుతారు. అది అత్త నవ్వు. తీసెయ్యడం మరిచిపోయిందో, కావాలనే ఉంచిందో ఇక అడగడానికి లేదు. ఆ నవ్వు ఎవరిదో పిల్లలకి తెలీదు. దాన్ని వినడానికే ఆ గుంటని చెట్టు కింద నిలబెట్టి, ఎవర్నీ అడక్కుండా మామిడికాయ కోస్తున్నారు, మళ్ళీ కోస్తున్నారు.