ఫొటోలో కుడివైపు చివర

కళాశాలలో క్రైస్తవ సంఘ చరిత్ర చెప్పే మాస్టారు గాలి ఎటు వీస్తే అటు తిరిగే మనిషి. వయసులో ఉన్నప్పుడు ప్రొటెస్టెంటు చరిత్రంటే మిషనరీల చరిత్రేనని లావుపాటి పుస్తకం రాశాడు. ఎవరు ఏ ఓడలో వచ్చారు, ఏ బడి కట్టారు, ఏ సిద్ధాంతం మీద తగువుపడ్డారు, అంతే. ఇప్పుడు పరిశోధకుల చూపు చర్చి బల్లల మీద కూర్చునే మామూలు విశ్వాసుల మీదికి, ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పిన ఆడవాళ్ల మీదికి మళ్లింది. మాస్టారూ మళ్లాడు. అందులో తప్పేం లేదు. కానీ పాత పుస్తకం అచ్చులో ఉండిపోయింది.

అందులో ఒక ఫొటో ఉంది. మిషనరీ దొరసాని కుర్చీలో, పక్కన నలుగురు ఆడవాళ్లు నిలబడి. కింద దొరసాని పేరు డిగ్రీలతో సహా వేసి, "తదితరులు" అని ముగించాడు. ఆ తదితరుల్లో కుడివైపు చివర ఉన్నది మాస్టారి అమ్మే. బైబిలు సంచి భుజాన వేసుకుని ఏళ్ల తరబడి తిరిగిన మనిషి. తలుపు ముఖాన వేసినా మెట్ల మీద కూర్చుని చదివి వచ్చేది. మిషను నివేదికల్లో ఆవిడ పేరు లేదు, నివేదికలో లేనిది చరిత్ర కాదని అప్పట్లో మాస్టారి పట్టుదల. అదొక్కటే కాదు. తన తల్లి దొరసాని బట్టలు కూడా ఉతికిందని తోటి పండితులకు తెలియడం ఆయనకు ఇష్టం లేదు.

కళాశాలలో చరిత్రకెక్కని స్త్రీల గురించి సదస్సు పెట్టారు. ముఖ్య వక్త మాస్టారే. కొడుకు మాట్లాడుతున్నాడని అమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని తనంతట తానే వచ్చి వెనక వరసలో కూర్చుంది. అక్కడ ఆవిణ్ణి ఎరిగినవాళ్లు లేరు. మాస్టారు గడగడా మాట్లాడి చప్పట్లు కొట్టించుకున్నాడు. అప్పుడు ఒక పరిశోధక విద్యార్థిని ఆ పాత పుస్తకమే తెరిచి పట్టుకుని లేచింది.

"సార్, ఈ చివర నిలబడినావిడ ఎవరో తెలుసాండీ? నా పరిశోధన ఈ నలుగురి మీదే. పేరు దొరికినా చాలు."

పేరు నాలుక చివరే ఉంది. చెబితే, మరి పుస్తకంలో ఎందుకు వెయ్యలేదని అడుగుతారు. మాస్టారు ఫొటో వైపు ఒకసారి చూసి తల అడ్డంగా ఊపాడు.

"లేదమ్మా. వివరాలు దొరకలేదు."

అమ్మ లేచి చెప్పేస్తుందేమోనని భయపడ్డాడు, చెప్పేస్తే బాగుండుననీ అనుకున్నాడు. ఆవిడ చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంది.

సదస్సు అయ్యాక అమ్మను కారెక్కించుకుని ఇంటికి బయలుదేరాడు.

"అమ్మా, ఇందాక..." అని మొదలుపెట్టాడు మాస్టారు.

"పోనీలే నాన్నా," అంది ఆవిడ. "అందరి ముందూ నీకు ఇబ్బందైపోయింది. నేను రాకుండా ఉండాల్సింది."