ఈమాక్స్‌లోకి ఇల్లరికపు అల్లుడు

రెండు వేల ఇరవై మూడు, ఎండాకాలం. ఆత్మకూరు బస్టాండుకు కూతవేటు దూరంలో నా కంప్యూటర్ సర్వీస్ షాపు. వెడల్పు చెప్పుకుంటే పరువు తక్కువ. కస్టమరు లోపలికి రావాలంటే నేను బయటికి పోవాలి. అయినా మర్రిపాడు నుంచి కలువాయి దాకా ఏ ప్రింటరు ప్రాణం విడిచినా నా ఒళ్ళోనే విడిచిందని, బతికితే నా చలవ వల్లే బతికిందని చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. నేను చెప్పుకోకపోతే ఆ ప్రింటర్లు వచ్చి చెప్తాయా?

ఇన్నేళ్ళ సర్వీసులో ఎన్ని కేసులు చూసినా, మీసం దువ్వుకుంటూ చెప్పుకోదగ్గది మాత్రం సలోమి టీచరమ్మ కేసు.

ఆవిడ ఉదయగిరి వాస్తవ్యురాలు. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. ఉదయగిరిలో ఆడవాళ్ళు నర్ది కర్రతో స్పూన్లు, ఫోర్కులు, గరిటెలు చెక్కుతారు. వాళ్ళ సంఘానికి జర్మనీ నుంచి ఆర్డర్లు వస్తాయి. ఆ ఉత్తరాలు చదివి, జవాబులు రాసే పని టీచరమ్మది. జీతం బత్తెం లేని పనే గాని, ఆవిడ ఆ పనిని కలెక్టరు ఉద్యోగం కంటే ఎక్కువగా చూసుకునేవారు.

చిక్కల్లా కుడిచేతి వణుకుతో వచ్చింది. ఆవిడ మౌస్ పట్టుకుంటే స్క్రీన్ మీద బాణం గుర్తు సంతలో తప్పిపోయిన పొట్టేలులా నాలుగు మూలలా గెంతేది. కానీ పడుచుతనంలో టైపు హయ్యరు పాసైన చేతులవి. మణికట్టు ఆనించి కీబోర్డు మీద వేళ్ళు పెట్టగానే వణుకు సగం తగ్గేది. అందుకే ఈ కేసుకు ముందే ఆవిడకు ఈమాక్స్ నేర్పాను. అది టెక్స్ట్ ఎడిటర్, అంటే ఉత్త అక్షరాలు రాసుకునే సాఫ్ట్‌వేర్. బొమ్మలుండవు, మౌస్ ముట్టాల్సిన పని లేదు, అన్నీ కీలతోనే. టీచరమ్మ దాంట్లో ఉత్తరం రాస్తుంటే వింటున్నవాళ్ళకు టిన్ను రేకుల మీద వడగళ్ళు పడుతున్నాయా అనిపించేది.

రాయడం ఈమాక్స్‌లో, పంపడం మాత్రం బ్రౌజర్లో. అక్కడ మళ్ళీ మౌస్. ఒకనాడు జవాబు నొక్కబోయి ఆర్డరు మెయిలునే డిలీట్ చేశారు. సరుకు ఆలస్యమైంది. సంఘంలో గుసగుసలు మొదలయ్యాయి. నెల్లూరు ఏజెంటు ఒకాయన ఇదే అదనుగా, మెయిళ్ళ వ్యవహారం తనకు అప్పగించమన్నాడు. మెయిలు ఎవరి చేతిలో ఉంటే ఆర్డరు వాళ్ళ చేతిలోకే పోతుంది. సంఘం మీటింగులో ఆ మాట తేల్చాలని ప్రెసిడెంటు ఖైరూన్ బీ కబురు పెట్టింది.

టీచరమ్మ నాకు ఫోన్ చేశారు.

"పెంచలయ్యా, ఉత్తరం రాసేది ఒక ఇంట్లో, పంపేదానికి ఇంకో ఇంటికి పోవాల్నా? ఆ మెయిలేదో ఈమాక్స్‌లోకే తెచ్చి పెట్టు."

"తేవచ్చు టీచరమ్మా. అయితే అది ఇల్లరికం మాదిరి. ఆ ఇంట్లో ఇమిడేవాడై ఉండాల."

"ఇమిడేవాడిని వెతికేదానికే కదా నిన్ను పిలిచినాను. మీటింగు లోపల తీసుకురా."

మెయిళ్ళు చూపించి, జవాబులు పంపే ప్రోగ్రామును ఈమెయిల్ క్లయింట్ అంటారు. ఈమాక్స్ లోపల కాపురముండగల క్లయింట్లు చాలానే ఉన్నాయి. మా పెద్దమ్మాయికి పెళ్ళి సంబంధాలు చూసినప్పుడు కూడా నేనంత విచారణ చెయ్యలేదు. ముందుగా mbsync అనేదాన్ని పెట్టాను. ఉదయగిరిలో కొండ చాటున టీచరమ్మ ఇంటికి సిగ్నల్ చుట్టపుచూపుగా వచ్చిపోతుంది. వచ్చిన ఆ కాసేపట్లోనే ఇది మెయిళ్ళన్నీ లాగి కంప్యూటర్లో దాచేస్తుంది. తర్వాత సిగ్నల్ అలిగి పోయినా చదువుకోవచ్చు.

మొదటి వరుడు గ్నస్. వయసులో పెద్దవాడు, వంశం గొప్పది. మెయిళ్ళను దినపత్రికలా చూడటం వాడి అలవాటు. చదివేసిన పేపరు మళ్ళీ ఎందుకన్నట్టు, చదివిన ఉత్తరాన్ని జాబితాలోంచి మాయం చేస్తాడు. మర్నాడే ఫోన్.

"నిన్న చదివిన ఉత్తరం ఏదిరా అబ్బయ్యా?"

"ఉండాది టీచరమ్మా. చదివేసినారని దాచిపెట్టినాడు."

"చదివితే అయిపోయిందా? జవాబు ఎవరు రాస్తారు, వాడి నాయనా?"

ఆ సంబంధం తప్పిపోయింది.

రెండోవాడు మ్యూ-ఫోర్-ఈ. చురుకైనవాడు, పద్ధతి గలవాడు, నాకు స్వయంగా ఇష్టమైనవాడు. మెయిళ్ళను ఫోల్డర్లలో, అంటే గదుల్లో, సర్దుతాడు. స్పూన్లకొక గది, గరిటెలకొక గది, ప్యాకింగుకొక గది కట్టించి ఇచ్చాను. రాజమహల్ కట్టినంత సంబరపడ్డాను. టీచరమ్మ కళ్ళజోడు సవరించుకుని చూశారు.

"ఈ ఉత్తరంలో స్పూన్లూ ఉండాయి, ప్యాకింగూ ఉండాది. ఏ గదిలో పెట్టాల?"

నా రాజమహల్ పునాదితో సహా కదిలింది. పైగా వణుకుతో డి అనే కీ పొరపాటున తగిలి ఒక మెయిలు మీద చెత్తబుట్ట గుర్తు పడింది. తర్వాత ఇంకేదో సర్దబోయి ఎక్స్ నొక్కితే, అంటే "గుర్తులన్నీ అమలు చెయ్యి" అని చెప్తే, ఆ మెయిలూ బుట్టలోకి పోయింది. తిరిగి తీసిచ్చాను గాని, ఆవిడ ముఖం చూస్తే నాకే గిల్టీగా అనిపించింది.

"ఆ ఏజెంటుకే ఇచ్చేద్దాంలే పెంచలయ్యా," అన్నారు మెల్లగా. నలభై ఏళ్ళు పిల్లల్ని గడగడలాడించిన గొంతు అలా పలకడం నేను వినలేకపోయాను.

మీటింగు వాయిదా వేయించుకుందామని ఖైరూన్ బీ షెడ్డుకు పోయాను. ఉలుల చప్పుడు, చెక్క పొట్టు, మధ్యలో కొండలా ఒకటే గుట్టగా స్పూన్లు. ప్రతి స్పూను మెడకూ రంగు దారాలు కట్టి ఉన్నాయి.

"ఈ దారాలేంది ఖైరూనక్కా?"

"ఎర్రది కడితే ఇంకా గరుకు కాయితం పట్టాల. తెల్లది కడితే నూనె పెట్టాల. పచ్చది జర్మనీ వాళ్ళ సరుకు."

"దీనికి మూడూ ఉండాయే."

"మూడు పన్లుంటే మూడు దారాలు. పని తీరితే దారం తెంపేస్తాం. ఊరికే గంపల్లోకి మారస్తా ఉంటే సన్న పిడులు విరగవా? టీచరమ్మకు అడుగు, శనివారం శనివారం వచ్చి, మణికట్టు బల్లకు ఆనించి ఆమే కడతాది."

ఉదయగిరి కోట మీద పాత ఫిరంగులన్నీ ఒక్కసారి పేలినా నాకంత చప్పుడు వినపడి ఉండదు. వాయిదా సంగతి అడగనే లేదు. టీచరమ్మ ఇంటికి నేను పోయిన వేగం చూసి కుక్కలు కూడా దారిచ్చాయి.

మూడో వరుడు నాట్‌మచ్. ఇతగాడు ఏ మెయిలునూ కదిలించడు, ఏదీ తీసెయ్యడు. ఉన్నచోటే ఉంచి దానికి ట్యాగులు తగిలిస్తాడు. ట్యాగంటే గుర్తు, ఒక్క మెయిలుకు ఎన్నయినా తగిలించవచ్చు. కూర్చుని ఒక్కో రంగుకు ఒక్కో కీ కుదిర్చాను. ఎరుపు అంటే జవాబు రాయాలి, తెలుపు అంటే ప్యాకింగు మాట, పచ్చ అంటే జర్మనీ. స్క్రీన్ మీద కూడా అవే రంగుల్లో కనపడేట్టు చేశాను. వేలు వణికి అదే కీ రెండుసార్లు పడినా గుర్తు ఒకటే ఉంటుంది.

టీచరమ్మ కాసేపు నొక్కి చూశారు. నేను నేర్పాల్సింది ఏమీ మిగల్లేదు.

"ఇవి మన దారాలే కదరా," అన్నారు. "ఇంత తెలిసినోడివి, ఆ ముసలోణ్ణి ఎందుకు తెచ్చినావు ముందు?"

"పోల్చి చూసుకుంటే కదా టీచరమ్మా మంచోడి విలువ తెలిసేది," అన్నాను. తడుముకోకుండా అబద్ధమాడటం మా వృత్తిలో ముఖ్యమైన నైపుణ్యం.

మీటింగు టీచరమ్మ ఇంట్లోనే జరిగింది. ఆ రోజు సిగ్నల్ పూర్తిగా ముఖం చాటేసింది. ఖైరూన్ బీ కూర్చోకముందే అడిగింది.

"టీచరమ్మా, గరిటెల పిడికి తగిలించుకునేదానికి రంధ్రం కావాలన్నారా, వద్దన్నారా? రేపు తొలిచే పని మొదలుపెట్టాల. తొలిచినాక వద్దంటే చెక్కంతా పొయ్యిలోకే."

"సిగ్నల్ లేదు గదా, ఎట్ల చూస్తారు?" అంది వెనక నుంచి ఇంకొకామె.

టీచరమ్మ రెండు మాటలు టైపు చేశారు. పచ్చ రంగు మెయిళ్ళలో గరిటెలవి మాత్రం వరుసగా నిలబడ్డాయి. చదివి తెలుగులో చెప్పారు.

"మొదట కావాలన్నారు. తర్వాత ఉత్తరంలో వద్దు, తోలు తాడు మేమే కట్టుకుంటాం అన్నారు. ఆ తర్వాతదే ఖాయం."

ఖైరూన్ బీకి ఇంగ్లీషు రాదు. స్క్రీన్ మీదికి వంగి చూసింది.

"దీనికి ఎర్రది ఉండాదే. అంటే మనం ఇంకా జవాబు రాయలేదా?"

"ఇప్పుడే రాస్తా."

రాశారు. పంపే కీలు నొక్కారు. చెయ్యి వణుకుతూనే ఉంది, అందరూ చూస్తూనే ఉన్నారు, ఆవిడ దాన్ని కొంగు చాటుకు లాక్కోలేదు.

"పోయిందా?"

"వరసలో నిలబడి ఉండాది. సిగ్నల్ వచ్చినాక దానంతటదే పోతాది." అంటూ టీచరమ్మ ఎరుపు తీసేశారు.

ఖైరూన్ బీ తన సంఘం ఆడవాళ్ళ వైపు తిరిగింది. "ఆ నెల్లూరాయనకు ఫోన్ చేసి చెప్పండి, మాకు ఉత్తరాలు చూసేవాళ్ళు ఉండారని." అంతటితో మీటింగు అయిపోయింది. గరిటెలు రంధ్రాలు లేకుండానే జర్మనీ పోయాయి, తర్వాతి ఆర్డరు కూడా టీచరమ్మ పేరు మీదే వచ్చింది.

ఈ కేసు తర్వాత నేనొక పాఠం నేర్చుకున్నాను. మేం మెకానిక్కులం ఏది మంచి సాఫ్ట్‌వేరా అని వెతుకుతాం. దాన్ని వాడేవాళ్ళ చెయ్యి అప్పటికే ఏ పనికి అలవాటు పడి ఉందో ముందు చూడాలి. ఇప్పుడు ఎవరైనా కొత్త ప్రోగ్రాము పెట్టమని ఇంటికి పిలిస్తే, కంప్యూటర్ ఆన్ చెయ్యను. ముందు ఒక టీ పెట్టమంటాను; చక్కెర డబ్బా ఎక్కడి నుంచి తీస్తారో, వడగట్టినాక గిన్నె ఎక్కడ పెడతారో నిలబడి చూస్తాను. ఉత్త టీ కోసమే ఈ సిద్ధాంతం కనిపెట్టానని మా ఆవిడ అంటుంది. గొప్ప పరిశోధకుల ఇళ్ళల్లో ఇలాంటి మాటలు మామూలే.