మేకుకు మిగిలిన బిళ్ళ

వానలు తగ్గుతున్న రోజుల్లో ఒక శుక్రవారం పొద్దున మా పక్కింటి చాచా పోయారు. ఇంకో నాలుగు రోజులైతే ఆయనా నేనూ ఇచ్చోడ దాటాక వచ్చే కొండల్లోకి రెండు రోజుల నడకకు బయలుదేరాల్సింది. సంచులు సర్ది గోడవారగా పెట్టుకున్నాం కూడా. చాచీ కేక విని నేను పరుగెత్తేసరికి ఆయన వరండాలో పీట మీద కూర్చుని, గోడకు ఆనుకుని ఉన్నారు. ఒక బూటు విప్పి పక్కన పెట్టి ఉంది. రెండోది కాలికే ఉంది.

పోయినవాళ్ళను తిట్టొద్దంటారు. నేను ఈ ఐదు నెలలూ తిడుతూనే ఉన్నాను. అన్నం వండుతూ తిట్టాను, పోస్టాఫీసులో ముద్రలు కొడుతూ తిట్టాను. ముద్ర మరీ గట్టిగా పడుతోందని మా పోస్టుమాస్టరు రెండుసార్లు తలెత్తి చూశాడు. చదివేవాళ్ళకు ఇదేం స్మృతి అనిపిస్తే అనిపించనీ. ఆయన మంచి చెప్పాలంటే ముందు నాకీ కోపం దిగాలి.

చాచా మందమర్రి బొగ్గు గనిలో సర్దార్‌గా చేసి రిటైరయ్యారు. పదిమందిని లోపలికి తీసుకుపోతే పదిమందినీ మళ్ళీ పైకి తేవడం సర్దార్ పని. మా బాపు ఆయన కిందే పనిచేశాడు. బాపు పుట్టింది ఆ కొండల కింది ఊళ్ళో. "ఒక్కసారి తోల్కపోయి సూపిస్త బిడ్డా, మబ్బులు మనకంటె కిందుంటయి" అనేవాడు. సెలవు దొరికితే ఒంట్లో బాగుండేది కాదు, ఒంట్లో బాగుంటే సెలవు దొరికేది కాదు. చూపించకుండానే పోయాడు. నాకు నలభై ఆరేళ్ళు వచ్చాక ఒకరోజు గోడ మీంచి ఆ సంగతి చాచాతో అన్నాను. ఆయన గడ్డం నిమురుకుని, "మీ బాపు మాట నేను నిలవెడ్త తియ్" అన్నారు. ఆయన ఏటా ఒక్కరే ఆ కొండలెక్కి వచ్చే మనిషి. నేను మేడ మెట్లెక్కితే ఆయాసపడే మనిషిని.

ఆ ఆదివారమే వాళ్ళ వరండాలో పాత పేపర్లు పరిచి, నా సామానంతా తెచ్చి పెట్టమన్నారు. పెట్టాను. దిండు, గొడుగు, స్టీలు టిఫిను, దుప్పటి, మూడు జతల బట్టలు, మామిడికాయ తొక్కు సీసా. ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగారు.

"దిండెందుకు బిడ్డా? గుట్టెక్కుతున్నవా, అత్తగారింటికి పోతున్నవా?"

"మరి తలకాయ కింద ఏం పెట్టుకోవాలె?"

"సంచి పెట్టుకో. గీ సీసా ఎవలు మోస్తరు? నేనైతె మొయ్య."

"తొక్కు లేంది నాకు ముద్ద దిగదు చాచా."

"నాలుగు గంటలు నడిస్తె ఉత్త రొట్టె గూడ దిగుతది. ఫికర్ చెయ్యకు."

సగం తీసేశారు. మర్నాడు మిగిలినదాంట్లో మళ్ళీ సగం తీసేశారు. చివరికి ఒక జత బట్టలు, దుప్పటి, టార్చి, నీళ్ళ సీసాలు, పుట్నాలు, బెల్లం మిగిలాయి. రొట్టెలు బయలుదేరే పొద్దున చేసుకోవాలి. తొక్కు సీసా మా వంటింటికి తిరిగొచ్చింది.

మందమర్రిలో మాకు దొరికిన కొండ రైల్వే స్టేషను వంతెన. రోజూ పొద్దున నిండు సీసాల సంచి వీపున వేసుకుని ఆ మెట్లు ఇరవైసార్లు ఎక్కి దిగేవాళ్ళం. టీ కొట్టు దగ్గరివాళ్ళు "ఏ బండికి పోతున్నరు?" అని అడిగేవాళ్ళు. "ఇంక రాలే మా బండి" అని చాచా నవ్వకుండా జవాబిచ్చేవారు.

"కొత్తోళ్ళు ముందట, పాతోళ్ళు ఎనుక." ఇది ఆయన మొదటి నియమం. పాతవాడు ముందు నడిస్తే కొత్తవాడు సిగ్గుకొద్దీ ఆయాసం దాచుకుని వెంటపడతాడట. అందుకని నేను ముందు, ఆయన వెనక. పది మెట్లకోసారి వెనక నుంచి వినిపించేది.

"ఏమన్న నొస్తున్నదా బిడ్డా?"

ఆ మాట నన్ను అన్నిసార్లు అడిగినవాళ్ళు నా బతుకులో లేరు. మా ఇంట్లో అందరినీ నేను అడగడమే గాని నన్నడిగే ఆచారం లేదు. మొదట్లో అలవాటుకొద్దీ ఏం లేదనేదాన్ని. మెల్లగా చెప్పడం వచ్చింది. ఎడమ పిక్క పట్టేసిందనో, భుజం దగ్గర పట్టీ ఒరుసుకుంటోందనో చెబితే వెంటనే ఆగి, సరిచేసి, నాలుగు పుట్నాలు చేతిలో పోసి మళ్ళీ నడిపించేవారు. ఈ ఒక్కదానికి ఆయనకు చచ్చేదాకా దండం పెడతాను.

ఇంకో అలవాటు బిళ్ళలు. పాత రోజుల్లో గనిలోకి దిగేముందు ప్రతి మనిషీ నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇచ్చి దీపం తీసుకునేవారట. పైకొచ్చాక దీపం ఇచ్చేసి బిళ్ళ తీసుకోవాలి. షిఫ్టు అయిపోయాక కూడా దీపాల గదిలో మేకు మీద ఎవరి బిళ్ళయినా ఉందంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. ఆ పద్ధతి పోయినప్పుడు చాచా తన బిళ్ళనూ, మా బాపు బిళ్ళనూ అడిగి ఇంటికి తెచ్చుకున్నారు. వంతెనకు పోయేముందు ఆ రెండూ వాళ్ళ తలుపు పక్క మేకుకు తగిలించేవాళ్ళం. బాపుది నా బిళ్ళ. తిరిగి రాగానే ఎవరిది వాళ్ళు తియ్యాలి. ఒకరోజు నేను తియ్యడం మరిచి ఇంటికి పోతే, చాచీ కొంగు బిగించి మా గుమ్మంలోకి వచ్చింది. "బిళ్ళ తియ్యకపోతివి! ఏడ వడిపోయినవో అని పరేషానైన!"

అసలు మేం అంతకు నెల ముందే బయలుదేరాల్సింది. వారం ఉందనగా కొత్త బూట్లకు నా మడమ మీద బొబ్బ లేచింది. ప్రయాణం ఆపేస్తారని చెప్పలేదు. రెండు రోజులు కుంటకుండా నడిచాను. మూడోనాడు మేజోడు నెత్తురైంది. ఆయన మెట్ల మీదే కూర్చోబెట్టి బూటు విప్పించారు.

"ఎన్ని దినాలైంది?"

"నిన్ననే చాచా."

"అబద్ధమాడకు!" వంతెన మీద పోయేవాళ్ళు ఆగి చూశారు. "నొప్పి దాసినోడు ఒక్కడే పోడు, సోపతోన్ని గూడ తీస్కపోతడు. గుట్ట మీద నువ్వు కూలవడితె నేనేం జెయ్యాలె? మోస్తనా? ఇడిశిపెట్టి వస్తనా?"

"తప్పైంది."

"నొస్తె నొస్తున్నదని చెప్పుడు మొదలు నేర్చుకో. కాళ్ళ సంగతి తర్వాత."

ప్రయాణం నెల వాయిదా వేశారు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు చెల్లెలిని చూసొస్తానని కరీంనగర్ పోయి, వచ్చేటప్పుడు నా మడమకు మందూ మెత్తటి గుడ్డా తెచ్చారు.

ఆయన పోయిన నాలుగో రోజు, అంటే మేం కొండ కింద ఉండాల్సిన రోజు, చాచీ ఆయన సంచి ముందేసుకుని కూర్చుంది. "ఇండ్ల తినేటియి ఉంటయి, పాడైతయి. జర తియ్యి బిడ్డా" అంది. పుట్నాలు తీశాను, బెల్లం తీశాను. అడుగున చిన్న డబ్బా, దాంట్లో మామిడికాయ తొక్కు. నేనైతే మొయ్యనన్న మనిషి! పక్క జేబులో నాలుగు మడతలు పెట్టిన కాగితం. కరీంనగర్ గుండె డాక్టరు చీటీ. వెంటనే పరీక్షలు చేయించాలనీ, మెట్లు ఎక్కకూడదనీ రాసి ఉంది. తేదీ చూశాను. చెల్లెలింటికని పోయిన రోజు.

"నాతోని గ్యాసన్నడు" అంది చాచీ. అంతకంటే ఆమెకూ తెలియదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నా మడమ మీద చింతగింజంత బొబ్బకు నెల రోజులు ప్రయాణం ఆపిన మనిషి, ఆ చీటీ జేబులో పెట్టుకుని, నా మడమ మానిన మర్నాటి నుంచే నా వెనక మెట్లెక్కారు! మధ్యలో ఆగితే, "గూడ్సు బండికి ఎన్ని డబ్బాలున్నయో లెక్కవెడుతున్న" అనేవారు. నేను నమ్మాను. ఇదెక్కడి న్యాయం చాచా? నాకో నియమం, నీకో నియమమా? నన్ను ముందర నడిపించింది నా కోసమేనా, నువ్వు ఛాతీ పట్టుకుంటే నా కంట పడకుండానా? చాచీ ఎదుటే ఇవన్నీ అరిచాను. భర్త పోయిన దుఃఖంలో ఉన్న మనిషి ముందు అలా అరవకూడదు. అయినా అరిచాను.

అరిచాక ఇంకొకటి గుర్తొచ్చింది. ఆయన అన్ని వందలసార్లు అడిగారు గదా, నేను ఒక్కసారైనా వెనక్కి తిరిగి "మరి నీకో, చాచా?" అనలేదు. ఆ శుక్రవారం నాకు లేవడానికి బద్ధకమైతే, ఆయన ఒక్కరే బిళ్ళ తగిలించి వంతెనకు పోయొచ్చారు. ఇప్పుడు ఎవరిని తిట్టాలో మీరే చెప్పండి.

చాచీ చీటీని మళ్ళీ నాలుగు మడతలు పెట్టింది.

"ఇన్నేండ్లు గీ తలుపు కాడ కూసొని గా మేకునే చూసిన" అంది. "గా గుట్టల ఏమున్నదో నేను గూడ చూస్త. ఇద్దత్ అయినంక నన్ను తోల్కపోతవా?"

భర్త పోయినవాళ్ళు పాటించే ఆ ఇద్దత్ గడువు, నాలుగు నెలల పది రోజులు, ఆమె గడప దాటలేదు. మొన్న ఆదివారం వరండాలో పాత పేపర్లు పరిచాను. ఆమె నమాజు చేసుకునే జానమాజు తెచ్చింది, తమలపాకుల డబ్బా తెచ్చింది, లోపలికి పోయి దిండు తెచ్చింది. "దిండెందుకు చాచీ?" అన్నాను. ఇద్దరం నవ్వాం. ఎండలు ముదరకముందే పోదామనుకున్నాం, చిన్న దారిలో, మెల్లగా.

వంతెనకు బయలుదేరేముందు మేకు దగ్గర ఆగాం. ఆయన బిళ్ళ ఆ శుక్రవారం తగిలించింది తగిలించినట్టే ఉంది. "ఇది నీ బిళ్ళగ పెట్టుకుంటవా?" అని అడిగాను.

"ఆయన పైకి రాలే గదా" అంది. "ఆయనది నేనెట్ల తీస్త?" తన బీరువా తాళంచెవికి దారం కట్టి, పక్కనే తగిలించింది. నేను బాపు బిళ్ళ తగిలించాను. మేం తిరిగొచ్చేదాకా ఆ మేకు మీద ఓ కన్నేసి ఉంచమని మా ఆయనకు చెప్పాను.

ఇప్పుడు నేను పాతదాన్ని. చాచీ ముందు, నేను వెనక. పది మెట్లయ్యాక అడిగాను.

"ఏమన్న నొస్తున్నదా చాచీ?"

"మోకాలు నొస్తున్నది. ఆగుదాం" అంది వెంటనే. ఆగి, రెయిలింగు పట్టుకుని వెనక్కి తిరిగింది. "మరి నీకో బిడ్డా?"

నేను ఆ మెట్టు మీదే కూర్చుండిపోయాను. ఆమె రెండు మెట్లు దిగి నా పక్కన కూర్చుంది. కింద బొగ్గు బండి పోతోంది. అది పోయేదాకా ఇద్దరం డబ్బాలు లెక్కపెట్టాం.

ఇంటికొచ్చి ఆమె తన తాళంచెవి తీసుకుంది. నేను బాపు బిళ్ళ తీసుకున్నాను. మేకు మీద మిగిలిన ఒక్క బిళ్ళా కాసేపు గోడకు కొట్టుకుని ఆగింది.