ప్లగ్ తీశాక వినిపించిన టకటక

నమ్మకపోతే మా అమ్మనడగండి. ఆ రాత్రి ఆవిడ నా పక్కనే ఉంది.

ముసునూరు దారిలోని ఓ మామిడి షెడ్డులో నేను కంప్యూటర్ ఆపరేటర్ని. అమ్మ అక్కడే కాయలు ఏరుతుంది. నేను చేరేనాటికి ఆఫీసులో నాలుగు కంప్యూటర్లు రాత్రింబవళ్లు వెలుగుతూనే ఉండేవి. యజమాని రత్నంగారికి చెప్పి నేనే మార్పించాను. పది నిమిషాలు ముట్టుకోకపోతే స్లీప్‌లోకి పోవాలి. తెర వెలుగు తగ్గాలి. ఇంటికెళ్లేటప్పుడు బోర్డు దగ్గర స్విచ్ ఆపాలి. మొదట అందరూ నవ్వారు. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ ఎంతసేపు వస్తోందో చూశాక మానేశారు.

మొన్న మే నెలలో ఓ సాయంత్రం గాలివాన. కరెంటు పోయింది. జనరేటర్ మొరాయించింది. మాగబెట్టే గది నిండా బంగినపల్లి కాయలు. ఆ గది ఫ్యాన్లు ఆగితే వేడెక్కి సరుకంతా పాడైపోతుంది. మిగిలింది ఇన్వర్టర్ ఒక్కటే. రత్నంగారు మెకానిక్ కోసం మైలవరం వెళ్తూ, "అమ్మాయ్, నేనొచ్చేదాకా ఫ్యాన్లు ఆగకూడదు" అన్నారు.

లైట్లు తీసేశాను. మూడు కంప్యూటర్లు పూర్తిగా ఆపేశాను. లారీ లోడు లిస్టు సగంలో ఉందని నాలుగోదాన్ని స్లీప్‌లో ఉంచాను. అమ్మా నేనూ చీకట్లో కూర్చున్నాం.

అప్పుడు... తెర వెలిగింది.

కుర్చీ ఖాళీ. గాలికి మౌస్ కదిలిందేమో అనుకున్నాను. మళ్లీ స్లీప్‌లో పెట్టాను. రెండు నిమిషాలు... మళ్లీ వెలిగింది. ఈసారి స్లీప్‌లో పెట్టి, మౌస్, కీబోర్డు రెండూ పీకేశాను. కీబోర్డు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. వాన తగ్గింది. ఫ్యాన్ల హోరు ఒక్కటే. గోడ మీద నీలం వెలుగు... మెల్లగా... పాకింది.

ఇన్వర్టర్ మీద చార్జింగ్ ఒక్క గీతే మిగిలింది. లిస్టు పోతే పోయిందనుకున్నాను. లేచి ప్లగ్ లాగేశాను. తెర నల్లబడింది.

టక్... టక్... టక్.

ఆ ఖాళీ కుర్చీ ముందు నుంచే, కీబోర్డు మీద వేళ్లు పడుతున్న చప్పుడు. అక్కడి కీబోర్డేమో నా చేతిలో ఉంది.

అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "ఎవరే అది?"

"తెలీదమ్మా."

"బయటికి పోదాం పద."

"నేను పోతే ఫ్యాన్లు చూసేదెవరు?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అమ్మ కొంగు బిగించుకుని నా పక్కనే కూర్చుంది. ఆ చప్పుడు కాసేపుండి... ఆగింది.

రత్నంగారు వచ్చేసరికి రాత్రి రెండు దాటింది. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. తెల్లారి కూలీలందరి ముందూ ఆయన నన్ను చూపిస్తూ, "ఈ సరుకు నిలబెట్టింది మా వరలక్ష్మి" అన్నారు. కాయలేరే ఆడవాళ్ల మధ్య అమ్మ నిటారుగా నిలబడి, అందరినీ ఒకసారి కలయజూసింది. ఆ చూపు చాలు నాకు.

ఎలకేమో అన్నారు కొందరు. అయ్యుండొచ్చు. మరి తెరను మూడుసార్లు లేపిందెవరు? నాకిప్పటికీ తెలీదు. రోజూ స్విచ్ ఆపేముందు ఆ ఖాళీ కుర్చీ వైపు చూసి, "పనైపోయిందండీ, ఆపేస్తున్నాను" అంటాను. ఒక్క క్షణం ఆగుతాను... ఆ తర్వాతే నొక్కుతాను.